పోటు దిగేదాకా వెలగాలి

ఒకటో మాట. పున్నమి వెళ్ళిన మర్నాడు.

నా పేరు సూరాడ నూకరత్నం. పీతలదిబ్బ మనిషిని. చదువు లేదు, నోరుంది. రాయడం రానివాళ్ళు తమ తగువు తమ ల్యాప్‌టాప్‌కి నోటితో చెప్పుకోవచ్చని తీరం ఆఫీసువాళ్ళే రూలు పెట్టారు, అందుకని చెబుతున్నాను. ఒకసారి చెప్పిన మాట చెరపడానికి వీల్లేదని కూడా వాళ్ళే అన్నారు. మంచిదే. అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు నాకూ లేదు.

తగువేమిటంటే, మా దిబ్బ లేదంటున్నారు. ఆఫీసు పటంలో ఇక్కడంతా నీలంరంగు పూసి ఉందట. ఆ నీలంరంగు మీదే పీట వేసుకుని కూర్చుని ఇప్పుడు మాట్లాడుతున్నాను. నా వెనకాల రెండిళ్ళున్నాయి, మంచినీళ్ళ చెలమ ఉంది, చేపలు ఎండేసుకునే కళ్ళం ఉంది. మిగతావాళ్ళు సర్కారు కట్టించిన మేడల ఊరికి వెళ్ళిపోయారు. నేనూ, నా తోటికోడలు వరాలూ ఉంటున్నాం. మేడల ఊళ్ళో చేప ఎండేస్తే పై అంతస్తువాళ్ళు ముక్కు మూసుకుని ఫిర్యాదు చేస్తారు. చేప ఎండెయ్యకపోతే నాకు పొద్దెలా గడుస్తుంది, పొట్టెలా గడుస్తుంది?

దిబ్బ ఉందని రుజువు చెయ్యాలంటే పున్నమి పోటు సాక్ష్యం ఇవ్వాలి. ఆ రోజు అర్జీ పెట్టిన మనిషి ల్యాప్‌టాప్ ఆ చోటునుంచి కదలకూడదు. పొద్దున నీరు ఎక్కడం మొదలైన దగ్గర్నుంచి, పూర్తిగా ఎక్కి, కాసేపు నిలబడి, మళ్ళీ దిగడం మొదలయ్యేదాకా అది వెలుగుతూ లైన్లో ఉండాలి. ఆ లైన్లో చప్పుడే వెళుతుంది, బొమ్మ వెళ్ళదు. మధ్యలో ఆరిపోతే మునిగిపోయినట్టే లెక్క. నిన్నటి పున్నమికి మాది ఆరిపోయింది. నీరు మా కళ్ళం దరిదాపులకైనా రాలేదు. బ్యాటరీ అయిపోయింది, అంతే. ఆఫీసువాళ్ళు ‘జలమయం’ అని రాసేసుకున్నారు. ఇంకొక్క పున్నమి గడువిస్తారట. అదీ తప్పితే ఈ నీలంరంగు మొత్తం పంజరాల కంపెనీకి ఇచ్చేస్తారు. సముద్రంలో ఇనప పంజరాలు దింపి చేపల్ని పెంచేవాళ్ళు. వాళ్ళ పంజరాలకి మా దిబ్బ అడ్డం.

దిబ్బ మీద కరెంటు లేదు. రేవులో తాతబ్బాయి చార్జింగు కొట్టు ఉంది. నీళ్ళ మీద తేలే రేకుల షెడ్డు, పైన సోలారు పలకలు. పొద్దున్నే పడవేసుకుని వెళ్ళి పెట్టి, సాయంత్రం తెచ్చుకోవాలి. పొద్దస్తమానం పెట్టినా మా దానికి సగమే ఎక్కుతోంది. సగం చార్జింగుతో సగం పోటే గడుస్తుంది.

నా అనుమానం కూడా రాసుకోండి. తాతబ్బాయి కంపెనీకి అమ్ముడుపోయాడు. మాకు ఎక్కాల్సింది వాళ్ళకి మళ్ళిస్తున్నాడు.

వంటింట్లోంచి వరాలు, మాట్లాడితే కూడా చార్జింగు తాగుతుందక్కా, తగ్గించి చెప్పు అంటోంది. నా మాటని అక్షరాలు చెయ్యడానికే ఇది ఎక్కువ తాగుతుందట. తాగనీ.

రెండో మాట. చవితి.

తాతబ్బాయిని నిలబెట్టి అడిగాను. అతను నాకు వరసకి మరిది అవుతాడు, కాబట్టి మొహమాటం లేదు. కొట్లో బల్ల మీద వరసగా పెట్టి ఉన్న ల్యాప్‌టాప్‌లన్నీ చూపించి, ఇవన్నీ ఒకే తీగ మీద ఉన్నాయి వదినా, అందరివీ నిండుతున్నాయి, నీదొక్కటే మొరాయిస్తే నేనేం చెయ్యను అన్నాడు. నేను నమ్మలేదు. వైరు మార్పించాను. బల్ల ఆ చివర్నుంచి ఈ చివరికి మార్పించాను. పక్కవాళ్ళ వైరు పీకి మా దానికి పెట్టించాను. ఆ పక్కావిడ నన్ను ఏదో అంది, నేనూ అన్నాను.

సాయంత్రం వెళ్ళి చూస్తే చార్జింగు చూపించే పచ్చగీత సగం దగ్గరే ఉంది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి గొంతు, “తీగ తగిలి ఉంది, చార్జి అవడం లేదు” అంటుంది. మర్యాదగా, మెత్తగా. నోటి దగ్గర ముద్ద ఉంది, తినడం లేదు అని చెప్పుకునే పిల్లని నేనింతవరకు చూడలేదు.

దానికి నేనేం తక్కువ చేశాను? ఉప్పుగాలి మొదలైన కొత్తల్లో ఈ తీరంలో యంత్రాలన్నీ వైరు పెట్టే కన్నాలు తుప్పుపట్టి చచ్చిపోయాయి. అప్పట్నుంచి ఇక్కడ ఎవరూ ల్యాప్‌టాప్‌ని ఒట్టిగా బయటికి తియ్యరు. బొంత కుట్టి, పసిబిడ్డకి చుట్టినట్టు చుట్టి, వైరు మటుకు బయటికి వచ్చేలా పెడతారు. కొట్లో బల్ల చూస్తే అన్నీ బొంతలే. ఏ బొంత ఎవరిదో రంగు చూసి చెప్పొచ్చు. ఒట్టి యంత్రాన్ని పెడితే, పాపం ఆ ఇంట్లో ఆడవాళ్ళు లేరా అని అడుగుతారు. మా బొంత అందరికన్నా మందం. పాత చీరలు పొరల మీద పొరలు వేసి నేను కుట్టాను. తాతబ్బాయి పెళ్ళాం అలాంటిది తనకీ కుట్టిపెట్టమని ఎన్నిసార్లు అడిగిందో.

మూడో మాట. దశమి.

కన్నంలో ఉప్పు పట్టిందేమోనని వరాలు అంది. చీపురుపుల్లకి దూది చుట్టి మెల్లగా తుడిచాను. కాస్త తెల్లగా వచ్చింది. సంతోషించాను. సాయంత్రానికి మళ్ళీ సగమే.

ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి మళ్ళీ నింపితే బుద్ధొస్తుందని రేవులో ఎవరో అన్నారు. ఖాళీ చెయ్యడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. దీని ముందు కూర్చుని పంజరాల కంపెనీని మధ్యాహ్నమంతా తిట్టాను. వాళ్ళ పంజరాలని, వాళ్ళ పడవల్ని, వాళ్ళ చేపల్ని, ఆ చేపలు తినేవాళ్ళని కూడా. వరాలు చెవులు మూసుకుని కళ్ళంలోకి పోయింది. ఆ మాటలన్నీ రికార్డులో ఉండే ఉంటాయి. అయ్యలూ అమ్మలూ చదువుకోండి. అబద్ధం ఒక్కటీ లేదు.

ఖాళీ అయింది. మర్నాడు పెట్టాను. అప్పుడూ సగమే.

లోపలికి చెమ్మ పోతోందేమోనని నాకు అనుమానం వచ్చింది. బొంతకి ఇంకో చీర పొర వేసి కుట్టాను. వేశాక సగం కూడా ఎక్కడం లేదు.

నాలుగో మాట. అమావాస్య ముందు.

వరాలు పోరు పడలేక మేడల ఊరు వెళ్ళాను. అక్కడ యంత్రాలు బాగుచేసే కుర్చీలాయన ఉన్నాడు. కుర్చీలు కూడా అమ్ముతాడు కాబట్టి ఆ పేరు. బొంత విప్పి, వెనక రేకు తీసి చూశాడు. బ్యాటరీ ఉబ్బలేదమ్మా, కానీ ముసలిదైపోయింది, ఈ రకం ఇప్పుడు ఎక్కడా రావడం లేదు అన్నాడు. పాతది పక్కన పెట్టి కొత్త యంత్రం తీసుకోమన్నాడు. దీని నంబరు మీద అర్జీ ఉంది నాయనా, ఇంకోటి పెడితే సాక్ష్యం చెల్లదు అన్నాను. అయితే దాన్ని కష్టపెట్టకుండా వాడుకోండి అన్నాడు.

ముసలిదైపోయిందన్న మాట నా మొహం చూసే అన్నాడని నాకు అనిపించింది. లేచి వచ్చేశాను.

తిరిగొచ్చేటప్పుడు పడవలో, నాతో వచ్చిన వరాలు అడిగింది, ఒకవేళ దిబ్బ పోతే మేడల ఊళ్ళో మనకి పక్కపక్క గదులిస్తారా అని. అది ఆ మాట అడిగినందుకు ఇంటికొచ్చేదాకా దానితో మాట్లాడలేదు. దానికి భయంగా ఉందని నాకు తెలుసు. నాకు రెండు రోజులుగా నిద్ర లేదని దానికీ తెలుసు.

ఐదో మాట. అమావాస్య దాటాక విదియ.

ఈవేళ గొడవైంది. నేను చెప్పకపోతే ఇంకొకరు వేరేగా చెబుతారు, అందుకని నేనే చెబుతున్నాను.

తాతబ్బాయి యంత్రాన్నే మార్చేశాడని నాకు అనుమానం పుట్టింది. పైన నా బొంత ఉంచి, లోపల ఏ పనికిరానిదో పెట్టాడేమోనని. కొట్లోకి వెళ్ళి విప్పడం మొదలుపెట్టాను. తాతబ్బాయి అడ్డం వచ్చాడు. గాలిలో విప్పకు వదినా, పాడైపోతే నామీద పడతావు అని బొంత చివర పట్టుకున్నాడు. నేను ఈ చివర లాగాను, అతను ఆ చివర లాగాడు. బొంత ఇద్దరి చేతుల్లోంచీ జారి నీళ్ళలో పడింది. అక్కడున్న ఆడవాళ్ళంతా అయ్యయ్యో అన్నారు. యంత్రం బల్ల మీదే మిగిలింది. అది మాదే. మూత మీద వరాలు పెట్టిన పసుపు బొట్టు అలాగే ఉంది.

“ఇప్పుడు దీన్ని దిగంబరంగా పెడతావా?” అన్నాడు తాతబ్బాయి.

“సిగ్గుంటే నువ్వు కళ్ళు మూసుకో” అని అలాగే వైరు తగిలించి వచ్చేశాను.

సాయంత్రం వెళితే గీత ఆ చివరిదాకా పచ్చగా ఉంది. పూర్తిగా నిండింది. ఇన్నాళ్ళలో మొదటిసారి. చూశారా అయ్యలూ. నలుగురిలో నిలదీసేసరికి భయపడి నింపాడు. నా అనుమానం నిజమేనని ఇంతకన్నా రుజువేం కావాలి?

ఆరో మాట. తదియ నుంచి పంచమిదాకా కలిపి.

బొంత ఉతికి ఎండేసి, మళ్ళీ చుట్టి తీసికెళ్ళాను. తాతబ్బాయికి వినపడేలా, నిన్నటిలాగే నింపితే మంచిది అని చెప్పి మరీ వచ్చాను. సాయంత్రం సగం కన్నా తక్కువ.

కొట్టంతా వినేలా అరిచాను. తాతబ్బాయి ఎప్పుడూ తిరిగి అనేవాడు, ఆవేళ అనలేదు. నిన్న నేనేం చెయ్యలేదు వదినా, ఈవేళ కూడా ఏం చెయ్యలేదు అన్నాడు, అంతే. ఆ మాట చెప్పిన తీరు నాకు నచ్చలేదు. నిజం చెప్పేవాడిలా చెప్పాడు.

ఇంటికొచ్చి బొంత విప్పుతుంటే యంత్రం అడుగుభాగం చెయ్యి పెట్టనివ్వడం లేదు. పొయ్యి మీంచి దింపిన పెనంలా ఉంది. వరాలు వచ్చి చెయ్యి వెనక్కి తిప్పి, జ్వరం చూసినట్టు చూసింది.

“ఇంత జ్వరంలో ఉన్నదానికి బొంత మీద బొంత కప్పి, అన్నం తినడం లేదని కొట్టువాణ్ణి తిడుతున్నావా అక్కా?” అంది.

బొంత అంచు పట్టుకుని పొరలు లెక్కపెట్టాను. రేకుల షెడ్డు, మిట్టమధ్యాహ్నపు ఎండ, దాని మీద నా చీరలు. ఇది ఒళ్ళు కాలిపోయి తినడం మానేస్తోంది. పక్కవాళ్ళవి కొత్త యంత్రాలు, పలచని బొంతలు, కాబట్టి తట్టుకుంటున్నాయి. మాది ముసలిది. పైగా నేను అందరికన్నా మందంగా కుట్టాను, అది చాలదని ఇంకో పొర వేశాను.

మర్నాడు ఒట్టిగా తీసికెళ్ళాను. నిండింది. ఆ మర్నాడు కావాలనే చుట్టి పెట్టాను. సగం. ఇక చెప్పేదేముంది.

కాబట్టి ఒకటో మాటలో తాతబ్బాయి గురించి అన్నది తప్పు. చెరపడానికి వీల్లేదన్నారు కాబట్టి అది అలాగే ఉంటుంది, దాని పక్కన ఇది కూడా ఉంటుంది. అతను కంపెనీ మనిషి కాడు. ఆ నింద నలుగురిలో వేశాను కాబట్టి, అది తప్పని నలుగురిలోనే చెప్పాను కూడా. అయితే నీ బొంత నాకిచ్చెయ్యి వదినా, చలికాలం నేను కప్పుకుంటాను అన్నాడు తాతబ్బాయి. అందరూ నవ్వారు. ఇచ్చేశాను.

ఏడో మాట. ఏకాదశి.

ఒట్టి ల్యాప్‌టాప్ పెట్టే ముసలిదని ఇప్పుడు రేవంతా నాకు పేరు. కొందరు ఉప్పుగాలి తినేస్తుందని భయపెడుతున్నారు. నిజమే, తినేస్తుంది. రోజూ సాయంత్రం కన్నం తుడుస్తున్నాను. ఒక్క పున్నమి గడిస్తే చాలు, తర్వాత ఉప్పు ఏం తింటుందో తిననీ. తాతబ్బాయి బల్లని గాలి తగిలే గుమ్మం పక్కకి జరిపి, మా దానికి అక్కడ చోటిచ్చాడు.

ఇంట్లో పరీక్ష పెట్టాం. నిండా నింపి, ఇక్కడ దిబ్బ మీద తెరిచి ఉంచి, ఒక పోటు వెలుగుతుందా అని చూశాం. ఊరికే ఉంచితే పోటు దిగేదాకా వెలిగి, చివర్న ఎర్రగీత మిగిలింది. నేను మధ్యలో కాసేపు మాట్లాడిన రోజు, నీరు దిగకముందే ఆరిపోయింది.

అంటే సంగతి తేలిపోయింది. సాక్ష్యం రోజున నేను నోరు మూసుకోవాలి.

వరాలు దానికే నవ్వుతోంది. బ్యాటరీ బాగుపడింది కానీ నిన్ను బాగుచెయ్యడం ఎవరివల్లా కాదక్కా అంటోంది. పంజరాల కంపెనీ తరపు మనిషి కూడా లైన్లో ఉండి ప్రశ్నలు వెయ్యొచ్చని ఆఫీసునుంచి కబురొచ్చింది. అది విన్నాక వరాలు నవ్వలేదు.

ఈ మాట కొట్లో వైరుకి తగిలించి చెబుతున్నాను. పున్నమి అయ్యేదాకా ఇక చెప్పను.

ఎనిమిదో మాట. పున్నమి మర్నాడు, కొట్లో వైరు తగిలించి.

నిన్న జరిగింది వరసగా చెబుతాను.

యంత్రాన్ని అరుగు మీద నీడలో పెట్టాం. పక్కన నీళ్ళకుండ, ఎండ వచ్చే వైపు తడి గోనె. పొద్దున నీరు ఎక్కడం మొదలవగానే ఆఫీసరమ్మ హేమలత గారు లైన్లోకి వచ్చి, నూకరత్నం గారూ, ఉన్నారా అని అడిగారు. ఉన్నానమ్మా, చార్జింగు తక్కువ, ఇక మాట్లాడను అన్నాను. సరే అన్నారు. ఆ తర్వాత నా పెదాలు నేనే కుట్టేసుకున్నాను.

నీరు చెలమ దిగువకి వచ్చింది, పడవ కట్టే రాట మునిగింది, కళ్ళం అంచుకి వచ్చింది. అప్పుడు కంపెనీ ఆయన మొదలుపెట్టాడు. అక్కడ దిబ్బేమీ లేదండీ అన్నాడు. రాటకి తెప్ప కట్టి, తెప్ప మీద యంత్రం పెట్టారు, పొద్దున పలికింది ఎప్పుడో పట్టి ఉంచిన గొంతు అన్నాడు. ఇల్లూ లేదు, మనుషులూ లేరు అన్నాడు. యంత్రం పక్కనే గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాను నేను. వరాలు నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

తర్వాత ఆయన ఇంకో మాట అన్నాడు. “ఈవిడ రికార్డు నేను విన్నానండీ. మమ్మల్ని ఒక మధ్యాహ్నమంతా తిట్టిన మనిషి. నిజంగా అక్కడ ఉంటే ఇంతసేపు ఊరుకుంటుందా? మాట్లాడమనండి.”

ఆఫీసరమ్మ అడిగారు, నూకరత్నం గారూ, జవాబిస్తారా అని.

గీత అప్పటికే పచ్చ పోయి పసుపుకి వచ్చింది. నీరింకా ఎక్కుతోంది. మాట్లాడితే ఆరిపోతుంది. మాట్లాడకపోతే నేను లేనట్టు. అరవై ఏళ్ళుగా ఈ దిబ్బ మీద ఉన్నదాన్ని, ఉన్నానని ఒక్క ముక్క చెప్పడానికి లేకుండా కూర్చున్నాను. వరాలు తల అడ్డంగా ఊపింది.

ఆ కోపం ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. లేచాను. అరుగు కింద నేలలో పాతిన రోలు ఉంది. పళ్ళెంలో ఎండురొయ్యలు ఉన్నాయి. రోట్లో పోసి, రోకలి తీసుకుని ఒక్కటేశాను. కంపెనీ ఆయన నెత్తి అనుకుని వేశాను. ఇంకోటి వేశాను. చప్పుడుకి అక్షరాలు ఉండవు కాబట్టి యంత్రం దాన్ని రాయబోదు, చార్జింగు తాగబోదు. అది నేను ముందే ఆలోచించి చేశానంటే అబద్ధం. కోపంతో దంచాను, అంతే.

ఆ చప్పుడేమిటి అన్నారు ఆఫీసరమ్మ. పడవ రాటకి కొట్టుకుంటోందండీ అన్నాడు ఆయన.

వరాలు లేచి రెండో రోకలి తెచ్చింది. పెళ్ళికి పసుపు దంచినట్టు, నాది లేచేసరికి దానిది పడేలా, దానిది లేచేసరికి నాది పడేలా. ఇద్దరికీ ఊపిరి అందడం లేదు. అరుగు అదురుతోంది.

ఆఫీసరమ్మ చాలాసేపు విన్నారు. తర్వాత, “అక్కడ ఉన్నది మనుషులే అయితే ఒక్కసారి ఆపండి” అన్నారు.

ఆపాం. నీటి చప్పుడు తప్ప ఏమీ లేదు.

“మళ్ళీ మొదలుపెట్టండి” అన్నారు.

మొదలుపెట్టాం.

కంపెనీ ఆయన ఏదో అనబోయాడు. ఆవిడ ఆగమన్నారు. “మా అమ్మమ్మ ఇంట్లో ఇద్దరు కలిసి దంచేవాళ్ళు. తెప్ప మీద రోకలి వేస్తే బోలుగా మోగుతుందండీ. ఇది నేల” అన్నారు.

ఇక మేం ఆపలేదు. నీరు కళ్ళం అంచు ఎక్కి, రెండు జానల మేర పాకి, అక్కడ నిలబడింది. గీత ఎర్రబడింది, వెంట్రుకంత అయింది. రొయ్యలు ఎప్పుడో పిండైపోయాయి, పిండినే దంచుతున్నాం. వరాలు రోకలి వదిలేసి కళ్ళంలోకి పరిగెత్తి, వంగి చూసి, చెయ్యి ఊపింది. తడి ఇసక కనిపిస్తోంది. నీరు దిగుతోంది.

ఆఫీసరమ్మకి కూడా అక్కడ పోటు కొలిచే యంత్రంలో తెలిసినట్టుంది. పోటు దిగిందండీ, చోటు కదల్లేదు, దిబ్బ ఉంది, నమోదు చేశాం అన్నారు. మళ్ళీ ఏడాదికి ఇంకో సాక్ష్యం ఇవ్వాలి, మరిచిపోకండి అన్నారు. ఇప్పుడు మీరు మాట్లాడొచ్చు నూకరత్నం గారూ అన్నారు.

నోరు తెరిచాను. యంత్రం ఆరిపోయింది.

వరాలు నేల మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పొద్దున్నుంచి దాచుకున్న మాటలన్నీ లోపలే ఉండిపోయాయి. చేతులు బొబ్బలెక్కి నిద్ర పట్టలేదు, ఏడాది తర్వాత ఈ బ్యాటరీ ఏమవుతుందోనని ఇంకా పట్టలేదు. అందుకే తెల్లారగానే కొట్టుకి వచ్చి కూర్చున్నాను.

కంపెనీ అయ్యగారికి నేను చెప్పాలనుకున్నది చాలా ఉంది. తాతబ్బాయి వింటున్నాడు కాబట్టి కొంచెమే చెబుతాను. రొయ్యలపొడి మరీ మెత్తగా వచ్చింది. మీ పేరు మీద దంచినది, మీకూ కాస్త తీసి ఉంచాను. వచ్చి ఇంత అన్నంలో కలుపుకుని తిని వెళ్ళండి. పడవ దిగేటప్పుడు మాత్రం చూసుకోండి, నీళ్ళే కదా అని దూకేరు. కాలికి నేల తగులుతుంది.